మూడు ప్లైవుడ్ పలకలతో ఇంటి దగ్గరే చిన్న పడవ

మంజీరా నది మా నారాయణఖేడు ప్రాంతమును రెండు వైపుల తాకుచున్నది. ఎగువన నాగల్‌గిద్ద, మనూరు మండలాల ప్రక్కగా సింగూరు జలాశయపు వెనుకనీరు. దిగువన కల్హేరు వైపు నిజాంసాగరు వెనుకనీరు. నడుమ నల్లవాగు జలాశయము, ఊరూరి చెరువులు ఉండనే ఉన్నవి. 1931లో నిజాంసాగరు, 1980 దశకములో సింగూరు నిండిన తరువాత, ఒకప్పుడు బండిబాటగా ఉన్న వాగులు కొన్ని నిలువ నీరైనవి. చేను ఒక ఒడ్డున, ఇల్లు ఒక ఒడ్డున ఉన్న రైతుకు రెండు ఫర్లాంగుల దూరము రెండు కోసుల చుట్టు దారి అయినది. చేపలు పట్టువారికి నీటి మీద పని నిత్యమూ ఉన్నదే.

ఈ నీటిని దాటుటకు మన వారు వాడుచున్నది ఏమి? పూర్వము పుట్టి వాడిరి. ఇప్పుడు ఎక్కడ చూచినను థర్మకోలు తెప్ప. రెండు మూడు థర్మకోలు పలకలను పట్టాతో చుట్టి, తాడు బిగించి, దానిపై కూర్చుండి చేతులతో నీటిని తోసుకొని పోవుదురు. అది చవక, తేలిక; ఒక్కడే నెత్తిన పెట్టుకొని పోవచ్చును. కాని దానికి అంచు లేదు. మనిషి ఎటు వంగిన అటు అది కూడ వంగును.

కొన్ని సంవత్సరాల క్రిందట ఆశ్వయుజ మాసములో, అవతలి ఒడ్డున కంది చేనిలో ఎండు తెగులు కనబడినదని కబురు వచ్చి, ఒక తెప్ప మీద బయలుదేరాను. సగము దూరము పోగానే గాలి లేచినది. నేను తడవకుండ సంచిని పైకి ఎత్తబోయినాను. అంతే, తెప్ప ఒక ప్రక్క, నేను ఒక ప్రక్క. నీరు రొమ్ము లోతు మాత్రమే ఉండుటచేత ఈ వ్యాసము వ్రాయుచున్నాను. అదే తెప్ప మీద ఆ ఇంటి ఇల్లాలు రోజూ అన్నపు గిన్నెతో దాటుచున్నదని తరువాత తెలిసినది. ఆమెకు ఈత రాదు. మంజీరాలో మొసళ్ళు కలవని మీకు నేను చెప్పనక్కరలేదు.

నేను వ్యవసాయ శాస్త్రము చదివినవాడనే కాని వడ్రంగిని కాను. అయినను ఆ ఏడే ఒక గ్రామ వడ్రంగిని వెంటబెట్టుకొని పడవ ఒకటి తయారు చేయించాను. అది రెండవ వానకాలము దాటలేదు. ఎందుకు దాటలేదో తెలిసికొని రెండవది కట్టినాము. అది నేటికి ఐదవ ఏడు, గట్టిగా ఉన్నది. మొదటి దానికీ రెండవ దానికీ పలకలో తేడా లేదు, కొలతలో తేడా లేదు. తేడా అంతయు చివరి పనిలో, అనగా అంచులు మూయుటలోను, పూతలోను ఉన్నది. గావున కట్టుట గురించి చెప్పవలసినంత చెప్పి, ఆ చివరి పనిని గురించి వివరముగా చెప్పెదను.

కుట్టి అతికెడి పద్ధతి

పడవ అనగానే వంచిన పక్కటెముకలు, ఇనుప మేకులు, ఏండ్ల అనుభవము గల పనివారు జ్ఞప్తికి వత్తురు. గోదావరి ముఖమున కోరంగిలో ఒకప్పుడు సముద్రము మీద పోవు ఓడలనే కట్టిరి. మనకు అంత విద్య అవసరము లేదు. పలచని ప్లైవుడ్ పలకలను కొలత ప్రకారము కోసి, అంచుల వెంట రంధ్రాలు చేసి, రాగి తీగతో విస్తరి కుట్టినట్లు కుట్టి, మూలలను ఎపాక్సీ రెసిన్‌తోను ఫైబర్ గ్లాసు పట్టీతోను అతికెడి పద్ధతి ఒకటి కలదు. ఇంగ్లండులో 1963లో మిర్రర్ అనెడి పదకొండు అడుగుల లోపు పడవను ఈ పద్ధతిలోనే రూపొందించిరి. ఇంటి వెనుక షెడ్డులలో సామాన్యులు కట్టుకొన్న ఆ పడవలు డెబ్బది వేలకు పైబడినవి. మన దేశములో, దుంగను తొలిచి చేయు పడవలకు పెద్ద మానులు దొరకుట కష్టమై, 1980 దశకము మొదట కన్యాకుమారి, కేరళ తీరములలో మత్స్యకారులు ప్లైవుడ్ పడవలకు మారిరి. దక్షిణ భారత మత్స్యకారుల సంఘాల సమాఖ్య వారు వీటిని కట్టు కార్ఖానాలను నడిపిరి. ఆ పడవలు సముద్రపు కెరటములకు నిలిచినవి. మన చెరువునకు నిలువవా?

ఫైబరు పడవ కొనవచ్చును గదా అని కొందరు అడిగినారు. డబ్బు గల సంఘము వారు కొనవచ్చును, తప్పు లేదు. కాని ఇంటి వద్ద కట్టిన పడవ చెడినచో ఎక్కడ చెడినదో కట్టినవానికి తెలియును. బాగుచేయుటకు పట్నము పోనక్కరలేదు.

పలక కొనునపుడు

కొట్టులో ప్లైవుడ్ అని అడిగినచో అల్మారాలకు వాడెడి పలకను ఇచ్చెదరు. అది మనకు పనికిరాదు. దాని పొరలను అతికిన జిగురు యూరియా ఫార్మాల్డిహైడు. అవును, మీరు వరికి చల్లు యూరియాయే దానికి ముడి సరుకు. రైతుల యూరియా దొంగతనముగా ఇటువంటి పరిశ్రమలకు తరలిపోకుండుట కూడ 2015లో దేశములో తయారగు యూరియాకంతకు వేప పూత తప్పనిసరి చేయుటకు ఒక కారణము. ఆ జిగురు తేమకు కొంత ఓర్చును కాని నీటిలో నానినచో విడిపోవును. మనకు కావలసినది ఫినాల్ ఫార్మాల్డిహైడుతో అతికిన మెరైన్ ప్లైవుడ్. పలక మీద ఐ.ఎస్. 710 అను ముద్ర ఉండవలెను. ఈ ప్రమాణము ప్రకారము పలక ముక్కను 72 గంటలు మరుగు నీటిలో ఉంచినను పొరలు విడరాదు.

ముద్ర ఉన్నంత మాత్రమున నమ్మవద్దు. చేతి వెడల్పు ముక్క ఒకటి అడిగి తెచ్చుకొని, పాత గిన్నెలో ఒక పగలెల్ల మరిగించి, రాత్రి ఆ నీటిలోనే వదలి, మరునాడు ఎండబెట్టి చూడుడు. కత్తి మొన పెట్టినను పొర లేవకుండినచో ఆ పలక మంచిది. అంచును కూడ చూడవలెను. పొరల నడుమ ఎలుక బొరియల వంటి ఖాళీలు కనబడినచో వదలివేయుడు. మా మొదటి పడవకు ఈ పరీక్ష చేసియే తీసికొన్నాము గనుక తప్పు పలకది కాదని తరువాత నిశ్చయముగా తెలిసినది.

కావలసిన పలకలు మూడు; ఒక్కొక్కటి 8 అడుగులు, 4 అడుగులు. రెండు 9 మిల్లీమీటర్ల మందము, ఒకటి 6 మిల్లీమీటర్లు. ఎపాక్సీ రెసిన్, దాని గట్టిపరచు ద్రావకము రెండూ కలిసి ఎనిమిది నుండి పది కిలోలు పట్టును. ఖర్చులో పెద్ద పద్దు ఇదే. ఫైబరు సరుకు కొట్టులో చవకగా దొరకు పాలిస్టరు రెసిన్ వాడరాదు. అది ఫైబరు మీద బాగుగా పట్టును కాని చెక్క మీద కొంతకాలమునకు పొట్టువలె లేచిపోవును. అట్లే గ్లాసు గుడ్డ కొనునపుడు నేత కనబడు గుడ్డనే అడుగవలెను. పీచు ముక్కలను అద్దినట్లుండు చాపను ఎపాక్సీ సరిగా తడపలేదు. రాగి తీగకై వెదుకనక్కరలేదు. బోరు మోటార్లకు వైండింగు చేయు కొట్టులో పాత తీగ దొరకును.

కొలతలు

ఈ పడవకు వంపులు లేవు. పన్నెండు అడుగుల పొడవు, 40 అంగుళాల వెడల్పు, 15½ అంగుళాల లోతు గల తొట్టి. రెండు కొనలలో అడుగు ఏటవాలుగా పైకి లేచును. ఎడ్లబండికి తొట్టి కట్టగల వడ్రంగి దీనిని కట్టగలడు.

మొదటి 9 మిల్లీమీటర్ల పలకను 96 అంగుళాల పొడవు అట్లే ఉంచి 40 అంగుళాల వెడల్పునకు కోయవలెను. ఇది నడిమి అడుగు. మిగిలిన సన్న పట్టీ నుండి 40 అంగుళాల పొడవు, 5½ అంగుళాల ఎత్తు గల ముక్కలు రెండు తీయవలెను. ఇవి రెండు కొనలకు మూత పలకలు. రెండవ పలక నుండి 26 అంగుళాలు, 40 అంగుళాలు గల వాలు పలకలు రెండు, 24 అంగుళాలు, 40 అంగుళాలు గల కప్పు పలకలు రెండు వచ్చును. మూడవది, అనగా 6 మిల్లీమీటర్ల పలకను పొడవునా 15½ అంగుళాల పట్టీలు మూడుగా కోయవలెను. సరిగ్గా పదునారు అంగుళాలు పెట్టుకొన్నచో రంపము తినెడి చెక్క చాలక మూడవ పట్టీ సన్నమగును. అందులో ఒక పట్టీని నడిమికి కోసి, సగము ఒక ప్రక్కకు, సగము రెండవ ప్రక్కకు కలిపినచో 12 అడుగుల ప్రక్క పలకలు రెండు సిద్ధము. అతుకు వెనుక ఆరు అంగుళాల వెడల్పు పట్టీ వేసి రెసిన్‌తో అతికి, పైన బరువులు పెట్టవలెను. ఒక ప్రక్క అతుకు ముందు కొన వైపు వచ్చినచో రెండవ ప్రక్క అతుకు వెనుక వైపు రావలెను. రెండును ఎదురెదురుగా ఉన్నచో పడవ అక్కడ బలహీనపడును.

ప్రక్క పలక క్రింది మూలలలో పొడవున 24 అంగుళాలు, ఎత్తున 10 అంగుళాలు గుర్తు పెట్టి త్రికోణములు కోసివేయవలెను. అప్పుడు ఆ వాలు గీత కచ్చితముగా 26 అంగుళాలుండును. ఇదివరకు కోసిన వాలు పలక దానికి అతికినట్లు సరిపోవును. కోయుటకు ముందు పలక ముక్కల బొమ్మను అట్టలో కత్తిరించి దారముతో కుట్టి చూచుకొన్నచో పొరపాటు జరుగదు. మా వడ్రంగి మొదట నవ్వినాడు కాని తరువాత ఆ అట్ట పడవను తన మనుమనికి తీసికొనిపోయినాడు.

ఈ తొట్టి ఎంత బరువు మోయును? తేలెడి వస్తువు తాను తొలగించిన నీటి బరువుతో సమానమైన బరువును మోయునని మనము బడిలో చదివినదే. నడిమి అడుగు వైశాల్యము సుమారు రెండున్నర చదరపు మీటర్లు. పడవ ఒక్క సెంటీమీటరు దిగినచో సుమారు 25 లీటర్ల నీరు తొలగును, 25 కిలోలు మోయును. నాలుగు అంగుళాలు దిగినపుడు వాలు పలకల క్రింది నీటిని కలుపుకొని 270 కిలోల వరకు మోయును. పడవ స్వంత బరువు 65 కిలోల ప్రాంతమున ఉండును. ఇద్దరు మనుషులు 130. యూరియా మూట 45. ఇంకను ముప్పది కిలోలకు చోటున్నది. అయిదు అంగుళాలు దిగినపుడు మొత్తము 350 కిలోలు. నేను అక్కడ ఆపమందును. అడుగు నుండి అయిదు అంగుళాల ఎత్తున నాలుగు మూలల ఎర్ర రంగుతో గీత వేయుడు. గీత మునిగినచో ఒకరు దిగవలెను, లేదా ఒక మూట దించవలెను. బ్రిటనులో ఓడ యజమానులు అత్యాశతో సరుకెక్కించి నావికులను ముంచుచుండగా, 1876లో చట్టము చేసి ఓడలకు ఇట్టి గీత వేయించిరి. చదువు రానివారికి కూడ గీత తెలియును.

కుట్టుట, మూలలు నింపుట

పలకల అంచుకు అర అంగుళము లోపల, అయిదారు అంగుళాల కొకటి చొప్పున సన్నని రంధ్రములు చేసి, తీగ దూర్చి, కొనలు బయటికి వచ్చునట్లు మెలివేయవలెను. మొదట అన్ని కుట్లు వదులుగా వేసి, పడవ ఆకారము వచ్చిన తరువాత బిగించవలెను. ఇంటికి ముగ్గు పోయునపుడు మూల నుండి మూలకు తాడు పట్టి రెండు కొలతలు సమానముగా ఉన్నవా అని చూచెదము గదా, ఇక్కడను అదే పని. పడవకు అడ్డముగా ముందొక కర్ర, వెనుకొక కర్ర పెట్టి ఒక కొన నుండి కంటితో చూచినచో మెలిక ఉన్నది లేనిది తెలియును. ఈ పూట దిద్దని మెలిక పడవ ఉన్నన్ని నాళ్ళు ఉండును. తెడ్డు ఎంత సరిగా వేసినను పడవ ప్రక్కకు లాగును.

ఇక రెసిన్. డబ్బా మీద వ్రాసిన పాళ్ళను తూకము వేసి కలుపవలెను, చేతి అంచనా కూడదు. ద్రావకము ఎక్కువ పోసిన తొందరగా గట్టిపడునని కొందరు తలంతురు. యూరియా ఎక్కువ వేసిన పంట ఎక్కువ వచ్చునని తలచుట వంటిదే ఇది. అది ఎన్నటికిని సరిగా గట్టిపడదు. ఒక్కసారి నూరు, నూట యేబది గ్రాములకు మించి కలుపరాదు. లోతు చెంబులో కలిపినచో వేడెక్కి పొగలు క్రక్కి నిమిషాలలో రాయి అగును. వెడల్పు పళ్ళెములో పలచగా పరచి వాడుకొనవలెను. ఆ ద్రావకము చర్మమునకు తగిలినచో దురద, దద్దురులు వచ్చును. కొందరికి ఆపైన జన్మలో దాని దగ్గరకు పోలేని స్థితి కలుగును. పురుగుమందు కలుపునపుడు వేసికొనవలసిన చేతి తొడుగులు ఇక్కడనైనను వేసికొనుడు. రుద్దునపుడు లేచు గ్లాసు దుమ్ము ఊపిరితిత్తులలోనికి పోకుండ ముక్కుకు మాస్కు కట్టుకొనవలెను.

జల్లించిన రంపపు పొట్టును రెసిన్‌లో కలిపి గారెల పిండి వలె చేసి లోపలి మూలలన్నిటిలో నింపి, గరిటె వెనుక భాగముతో నున్నగా దిద్దవలెను. అది గట్టిపడిన పిదప తీగలు లాగివేయవలెను. రానిదానిని కొన వేడిచేసిన వచ్చును. మూల మీద నాలుగు అంగుళాల గ్లాసు పట్టీ పరచి రెసిన్‌తో తడిపినచో గుడ్డ అద్దమువలె పారదర్శకమగును. తెల్లగా కనబడిన చోట రెసిన్ పట్టలేదన్నమాట. పడవను బోర్లించి బయటి మూలలను రందాతో గుండ్రముగా చేసి అక్కడను పట్టీ వేయవలెను. వాడి అంచు మీద గుడ్డ నిలువదు. అడుగునకంతకు ఒక వరుస గుడ్డ వేసినచో మన చెరువుల రాళ్ళకు ఓర్చును. దానిపై పొడవునా మూడు కర్ర బద్దెలు అతికినచో ఒడ్డునకు లాగునపుడు అరుగుదల బద్దెలదే, అడుగుది కాదు. పై అంచుకు లోపల, బయట టేకు పట్టీ, నడుమ ఒక అడ్డ పీట.

కప్పు పలకలను రెండు కొనల పైన వేసి, వాటి క్రింద మూతలు బిగించిన 20 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కొనకు రెండు చొప్పున తాళ్ళతో కట్టివేయవలెను. పడవ నిండ నీరు చేరినను ఈ నాలుగు డబ్బాలు ఎనుబది కిలోల ఎత్తుడు ఇచ్చును. పడవను పట్టుకొని వ్రేలాడు ఇద్దరికి అది చాలును. పురుగుమందు డబ్బాలు మాత్రము వద్దు. ఆ అరను లోపలి వైపు మూయక గాలి ఆడునట్లు తెరచియే ఉంచవలెను.

కుళ్ళబెట్టునది పై నీరు

మా మొదటి పడవ సంగతికి వచ్చెదను. దానికి అడుగున మూడు పూతలు వేశాము, తారు కూడ పూసినాము. నీరు క్రిందనే గదా ఉండునది అనుకొన్నాము. లోపలి వైపు ఒక పూత వేసి, పైన రంగు కొట్టి సరిపెట్టినాము. అంతయు అయిన తరువాత కట్టుతాడు కొరకు ముందరి మూత పలకకు ఒక రంధ్రము చేసినాము. ఆ రంధ్రము చేసినది నేనే.

మొదటి వానలకు ఆ రంధ్రము చుట్టు రూపాయి బిళ్ళంత నల్లని మచ్చ వచ్చినది. దీపావళికి అది అరచేయి అంత అయినది. రెండవ సంవత్సరము శ్రావణములో స్క్రూడ్రైవరు మొన ఆనించగా వెన్నలో దిగినట్లు దిగినది. పై అంచు పట్టీ క్రింద ప్రక్క పలక మూరెడు పొడవున మెత్తబడినది. అడుగు మాత్రము చెక్కు చెదరలేదు.

ఇది వింత కాదు. బావి అడుగున మునిగియున్న మొద్దు ఏండ్ల తరబడి చెడదు. అదే మొద్దు గట్టు మీద వానకు తడిసి ఎండుచు ఉన్నచో మూడేండ్లలో పుచ్చిపోవును. చెక్కను కుళ్ళబెట్టునది శిలీంధ్రము. దానికి తేమయు కావలెను, గాలియు కావలెను. నూటికి 20 పాళ్ళకు తక్కువ తేమ ఉన్న చెక్కలో అది పెరుగజాలదు. ధాన్యము నిల్వ చేయునపుడు తేమను చూచుట ఎందుకో ఇదియు అందుకే. నిలువ నీటిలో మునిగిన చోట గాలి చాలదు. వాన నీరు నిలిచెడి మూలలలో, పట్టీల క్రింద, రంధ్రములలో రెండును కావలసినంత దొరకును. ప్లైవుడ్ పలక వెడల్పు ముఖము నుండి నీటిని మెల్లగా త్రాగును. కోసిన అంచు నుండి మాత్రము, చెరకు గడ కోసిన చోట రసము కనబడునట్లు, నాళములన్ని తెరచుకొని ఉండుటచే వత్తివలె పీల్చును. ఒక పొర పీల్చిన నీరు రంగు క్రింద మూరెడు దూరము ప్రయాణము చేయును. పైకి రంగు నిగనిగలాడుచునే ఉండును.

కనుక పూత పని అంచులతో ఆరంభింపవలెను. పలుచని రెసిన్‌ను కుంచెతో కోసిన అంచులన్నిటికి అద్ది పది నిమిషాలు ఆగి చూడుడు. మెరుపు పోయి అంచు పొడిగా కనబడినచో అది త్రాగినదన్నమాట. మరల అద్దవలెను. త్రాగుట మానివేయు వరకు అద్దవలెను. మాకు కొన్ని చోట్ల నాలుగు సారులు పట్టినది. పట్టీలు బిగించిన తరువాత అంచు అందదు గనుక ఈ పని పట్టీలకు ముందే జరుగవలెను.

రంధ్రముల సంగతి. తాడుకు గాని, తెడ్డు కొయ్యకు గాని, మరకు గాని ఎక్కడ రంధ్రము కావలెనో ముందే నిర్ణయించుకొనుడు. కావలసిన దానికంటె రెట్టింపు వెడల్పున తొలిచి, రెసిన్, పొట్టు ముద్దతో పూర్తిగా నింపి, గట్టిపడిన పిదప ఆ ముద్ద నడుమ అసలు రంధ్రము చేయవలెను. అప్పుడు మర రెసిన్‌లో ఉండును, చెక్కను తాకదు. ఒక్కొక్క రంధ్రమునకు ఒక దినము ఆలస్యమగును. ఆ దినమును మేము మొదటి పడవలో మిగుల్చుకొన్నాము.

తరువాత లోపల, బయట, కప్పుల క్రింద, పీట అడుగున, చేయి దూరిన ప్రతి చోట మూడు పూతలు. లోపలికి రెండు చాలునని దుకాణదారు చెప్పిన వినవద్దు. పూతను సాయంకాలము వేయవలెను. ఉదయము వేసినచో ఎండ ఎక్కిన కొలది చెక్కలోని గాలి వ్యాకోచించి బయటికి వచ్చును, పూతలో సూది మొనంత బుడగలు లేచును. ప్రతి బుడగయు ఒక రంధ్రమే. సాయంకాలము చెక్క చల్లారుచు పూతను లోనికి లాగుకొనును. అయితే మంచు కురిసెడి రాత్రి ఆరుబయట వదలరాదు. దీపావళి నుండి ఉగాది వరకు గల పొడి కాలము మన ప్రాంతములో ఈ పనికి అనువైనది. పుష్య మాసపు చలిలో రెసిన్ గట్టిపడుటకు రెండు దినములు పట్టినను కంగారు పడవలదు.

గట్టిపడిన పూత మీద మైనము వంటి జిడ్డు ఏర్పడును. దానిని మంచి నీటితో, గరుకు పీచుతో కడిగి, ఆరిన పిదపనే సాండ్ పేపరుతో రుద్దవలెను. కడుగక రుద్దినచో జిడ్డు గీతలలో కూరుకొనిపోయి రంగు పట్టదు.

ఎపాక్సీ నీటికి జంకదు కాని ఎండకు జంకును. నారాయణఖేడు ఎండకు రంగు లేని ఎపాక్సీ ఒకటి రెండు వేసవులలో పసుపెక్కి, సుద్దవలె పొడియగును. ప్రైమరు ఒక పూత, ఎనామెలు రెండు పూతలు తప్పవు. తెలుపు గాని లేత బూడిద రంగు గాని వేయుడు. నలుపు, ముదురు నీలము అందమే కాని వైశాఖపు ఎండలో పలక కాలి రెసిన్ మెత్తబడును. తారు ఎక్కడను వద్దు. ఒకసారి తారు తగిలిన చెక్కకు మరి ఏ పూతయు పట్టదు; బాగుచేయవలసి వచ్చినపుడు మా మొదటి పడవను వదలివేయుటకు సగము కారణము ఆ తారే.

నీటిలో దింపుట

రంగు వేసిన పిదప పది దినములు ఆగి, మోకాలు లోతు నీటిలో దింపుడు. ముందు ఖాళీగా, తరువాత ఇసుక సంచులతో ఎర్ర గీత వరకు. అటు పిమ్మట బకెట్లతో నీరు నింపి పడవను ముంచుటకు యత్నింపుడు. ఆ పనికి ఊరి పిల్లలు పిలువకనే వత్తురు. అది అంచుల వరకు నిండియు తేలుచున్నచో మీ డబ్బాలు సరిగా ఉన్నవి. లోపల ఎక్కడైన తడి చెమర్చినచో బయట అక్కడ వెదుకుడు.

ఎక్కునపుడు నడిమి భాగమున కాలు పెట్టి వంగి కూర్చుండవలెను; నిలువరాదు. మధ్యాహ్నము దాటిన తరువాత జలాశయము మీద గాలి లేచును గనుక పెద్ద వెనుకనీటిని ఉదయముననే దాటుట మేలు. మనిషికొక లైఫ్ జాకెట్టు ఉండవలెను. పడవలో ఎక్కువ, ఒంటి మీద తక్కువ కనబడు వస్తువు ఇది. ఎక్కక ముందే కట్టుకొనుడు. గ్రామ అధికారులు ఒకటి గమనింపవలెను: సింగూరు దిగువన మంజీరా అభయారణ్యము కలదు, అందు పడవ దింపుటకు అటవీ శాఖ అనుమతి కావలెను. ఇతర జలాశయములలో నీటిపారుదల శాఖ వారిని, చేపల హక్కు గల సంఘమును అడిగి దింపుట మర్యాదయు, క్షేమమును.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అని మన సామెత. పడవ విషయములో ఇది అక్షరాల జరుగును. పని తీరగానే ఒడ్డున వెల్లకిలా వదలుదురు. వాన నీరు నిండును, ఆకులు రాలి కుళ్ళును. పని లేని దినములలో పడవను రెండు మొద్దుల మీద, నేల నుండి జానెడు ఎత్తున, చెట్టు నీడను బోర్లించి ఉంచుడు. డబ్బాలు విప్పి తీయుడు. పట్టా కప్పదలచినచో గాలి ఆడునట్లు వదులుగా కప్పవలెను. బిగించి కప్పిన పట్టా క్రింద చెమ్మ చేరి, కప్పని దానికంటె ముందు చెడును.

మృగశిర కార్తెకు రెండు వారముల ముందు, ఎండ ఇంకను తీక్షణముగా ఉన్నపుడే, పడవ చుట్టు ఒకసారి తిరిగి అంచుల వెంట వేలి కణుపుతో కొట్టుచు వినుడు. గట్టి పలక టక్కుమనును. మెత్తబడినది పుచ్చిన గుమ్మడికాయ వలె బొద్దుమనును. అట్టి చోట రంగు గీకి, మంచి చెక్క కనబడు వరకు ఉలితో తీసి, నాలుగు దినములు ఎండబెట్టి, అంచు త్రాగుట మానువరకు రెసిన్ అద్ది, ముద్ద నింపి, పైన చిన్న గ్లాసు గుడ్డ ముక్క వేసి రంగు కొట్టుడు. మా రెండవ పడవకు ఈ ఐదేండ్లలో రెండు చోట్ల ఈ పని పడినది, రెండును తెడ్డు రాపిడికి పూత పోయిన చోట్లు. ఇప్పుడక్కడ పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టినాము. అవతలి ఒడ్డు ఇల్లాలు అన్నపు గిన్నెను ఆ పీట క్రింద పెట్టుకొని దాటుచున్నది. తెడ్డు తానే వేయును.